రెండవయేటి చందా

"మన సీమలో విద్యకు ధనమిచ్చువారు లేరు" అను మాటను పులివెందులలో మేము వినినన్ని మారులు మఱి యే మాటను వినియుండలేదు. సభలలో నధ్యక్షులు చెప్పుదురు. వార్షికోత్సవములలో ప్రధానోపాధ్యాయులు చెప్పుదురు. రసీదుపుస్తకము చంకబెట్టుకొని నాలుగు వీధులు తిరిగి వచ్చిన యువకులు చెమట తుడుచుకొనుచు చెప్పుదురు. వానలు లేని నేల; వేరుసెనగ పండిననాడు ధర యుండదు, ధర యున్ననాడు పంట యుండదు; బోరులెండి చీనీతోటలు మోడులగుచున్నవి; ఇట్టిచోట దానమెక్కడిదని వారి వాదము. వినుటకు న్యాయముగనే తోచును. అయినను ఇది యబద్ధమని మేము నిస్సంశయముగ చెప్పుచున్నాము.

ఇచ్చువారు లేకపోవుట యెక్కడ? తిరునాళ్లకు ఇచ్చుచున్నారు. అన్నదానమునకు బియ్యపు మూటలు దింపుచున్నారు. బడికి ప్రహరీ కట్టుదమన్నను, పిల్లలకు పలకలు కొందమన్నను, మొదటిసారి యడిగినప్పుడు కాదను గృహస్థు మా యనుభవమున మిక్కిలి యరుదు. మన యూళ్లలో లేనిది దానము గాదు, రెండవయేటి చందా. ఒకసారి యిచ్చిన చేయి మఱుసటి సంవత్సరము ఏల ముడుచుకొనును? ఈ ప్రశ్న నడుగుటకు మనకు ధైర్యము చాలదు. ఏలయన నడిగినచో తప్పు ఇచ్చువారియందు గాక పుచ్చుకొనువారియందు తేలును. అందుచేతనే "జనులలో ధర్మబుద్ధి నశించినది" అని నిట్టూర్చి యింటికి పోవుచున్నాము.

ముందుగా మా తప్పు చెప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట మేము కొందఱము కూడి, మా ప్రాంతపు బడియొకదానిలో బీదపిల్లలకు పరీక్షరుసుములకును పుస్తకములకును ఒక చిన్న నిధిని కూర్చితిమి. రెండు నెలలలో 42 ఇండ్లవారు చందాలిచ్చిరి. మా యుత్సాహమునకు మేరలేదు. మఱుసటి యేడు అవే గడపలు తొక్కగా ఇచ్చినవి 11 ఇండ్లు. మేము సమావేశమై, కాఫీలు త్రాగి, లోకము చెడిపోయినదని యేకగ్రీవముగ తీర్మానించితిమి.

ఆ మిగిలిన 31 ఇండ్లలో నొకటి బొరుగులమ్ముకొను నొక యవ్వది. మొదటి సంవత్సరము ఆమె నూఱు రూపాయలిచ్చెను. రెండవసారి మేము పోయి నిలువగా, ఆమె రసీదుపుస్తకమువంక చూడక మా ముఖమువంక చూచి, "ఆ పిల్లోడు యాడుండాడు నాయనా? పాసయినాడా?" అని యడిగెను. ఏ పిల్లవాడు? మాకు తెలియదు. ఆమె రూపాయలు ఎవరి రుసుమున కలిసెనో మా పుస్తకములో లేదు. "చానామంది పిల్లోల్లకు కట్టినాము, అవ్వా" అంటిమి. అవ్వ మఱేమియు ననలేదు. మే మడిగిన బొరుగులు పొట్లము కట్టి యిచ్చెను, వాని వెల తీసికొనెను, చందా మాత్రమియ్యలేదు.

ఆమె ధర్మబుద్ధి నశించినదని మేము వ్రాయగలమా?

విద్యకు జనులు మఱల మఱల ఏల యిత్తురను విషయమున మన జిల్లాకే చెందిన పాత సాక్ష్యమొకటి కలదు. 1822లో మద్రాసు గవర్నరు థామసు మన్రో తన యేలుబడిలోని జిల్లాలన్నిటియందు ఎన్ని బడులున్నవో, ఎందఱు చదువుచున్నారో తెలుపుడని కలెక్టర్ల నాజ్ఞాపించెను. ఆ మన్రో అంతకుముందు 1800 నుండి 1807 వఱకు మన దత్తమండలములకు కలెక్టరుగా నుండినవాడే. ఆ యాజ్ఞకు బదులుగా 1825 ఫిబ్రవరిలో కడప జిల్లా కచేరినుండి రెవిన్యూ బోర్డునకు పోయిన నివేదికను ధరంపాల్ అను చరిత్రకారుడు 1983లో తన గ్రంథమున ప్రకటించెను. దానిని మన యింటింటను చదువదగును. ఈ జిల్లాలో ప్రజల చందాలతో నడచు పాఠశాలలు లేవని ఆ యధికారి మొదట చెప్పి, అంతటితో నూరకుండక, మఱొక సంగతి నాశ్చర్యముతో వ్రాసెను. పదియేండ్లకును పదునాఱేండ్లకును నడుమనున్న బీద బ్రాహ్మణ బాలురు ఇల్లు వదలి, పది మొదలు నూఱు మైళ్లవఱకు నడచిపోయి, ఉచితముగ చెప్పు గురువునొద్ద సంవత్సరములకొలది చదువుచుండిరట. గురువు తానే పేద గనుక తిండి పెట్టలేడు. తిండి పెట్టినది ఊరు. ప్రతిదినము ఆ బాలుడు గడపలవెంట పోవును. ప్రతి గడపయు పిడికెడు పెట్టును. అదియు సంతోషముతో, ఆర్భాటము లేక. ఎవరును ఆజ్ఞాపించినది గాదు, ఎక్కడను శాసనము చెక్కినది గాదు. మనవారు దీనినే మధూకరమనిరి, వారములు చేసికొనుటయనిరి.

ఈ దానము ఏండ్లతరబడి యెట్లు సాగెను? ఇచ్చిన యిల్లాలు ఏమి పొందెను? మరునాడు ఆ బాలుడే మఱల గడపలో నిలిచెను. నిన్న పెట్టిన కూడు నేడు వాని నోట పద్యమై వినబడెను. రెండేండ్లకు వాని కంఠము మారెను, పొడుగైనాడు, అమరము ముగించి కావ్యమునకు వచ్చినాడు. ఆమెకు అక్షరము రాకపోయినను తన పిడికెడు మెతుకు లెక్కడికి పోవుచున్నవో తెలియును. తెలిసినది గనుకనే రేపును పెట్టెను. పుణ్యము మాట తరువాత. ఆ యవ్వ మమ్మడిగిన ప్రశ్నకు ఆనాటి గృహిణికి జవాబు ప్రతి మధ్యాహ్నము దొరుకుచుండెను. ఇంతే భేదము.

ఇది చదివి, "చూచితిరా, మన పూర్వుల గొప్పతనము!" అని మీసము దువ్వువారు కొంచెము తాళవలయును. ఆ గడపలు ఎవరికి తెఱచియుండెను? ఆ నివేదికయే చెప్పుచున్నది: బ్రాహ్మణ గృహములనుండి బ్రాహ్మణ బాలురకు. మాలమాదిగల బిడ్డ యెంత దూరము నడచి వచ్చినను వానికి గురువును లేడు, కూడును లేదు. ఇక బాలికల సంగతి? మన్రో 1826 మార్చిలో వ్రాసిన లెక్కలో రాజధాని యంతటను 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు. వారిలో బాలికలు 4,540. పెట్టిన చేయి స్త్రీది. తినిన నోరు, చదివిన నోరు పురుషునిది. పిడికెడు బియ్యము తీసిన యా తల్లి తన కూతునకు ఒక్క యక్షరమైనను కొనలేకపోయెను. మఱియు వారములు చేసికొను బాలుని బ్రతుకు తేనెవలె తియ్యనిదనియు ననుకొనరాదు. "వారాల పిల్లడు" అను మాట తిట్టుగా కూడ వాడబడినది. పిలిచిన యింట నాలస్యమైనచో ఆకలితో కూర్చుండుటయు, వడ్డించునప్పటి సూటిపోటి మాటలును తినినవారికే తెలియును. కాబట్టి ఆ పద్ధతిని మఱల తెమ్మని మే మనుటలేదు. ఇచ్చినవారికిని చదువుకొనువానికిని నడుమ నుండిన యెఱుకను మాత్రము మనము పోగొట్టుకొంటిమని, దానికి బదులుగా మఱేమియు పెట్టుకొనలేదని చెప్పుచున్నాము.

బదులేమున్నది? శిలాఫలకమున్నది. మా జిల్లాలో నాపరాళ్లకు కరవు లేదు. ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతపు గనులనుండి కడపబండ దేశమంతటికి పోవుచున్నది. కొంత మిగిలి మన బడిగోడల కెక్కుచున్నది. పేరు చెక్కించుకొనుట తప్పని మేమనము. పేరుకొఱకైనను గది కట్టినవాడు కట్టనివానికంటె మేలే. కాని గోడ యొక్కటే గదా! ఒకసారి పేరెక్కినచో రెండవ సంవత్సరము ఎక్కించుట కేమున్నది? పేరును ప్రేరణగా చేసికొనిన సంస్థ మొదటి చందాతోనే తన దాతను చంపుకొనినది. పైగా ఆ గదిలో ఉపాధ్యాయుడున్నాడా, పిల్లలు చదువుచున్నారా యని ఫలకమును ఎవరును అడుగరు. గోడ చెమ్మగిల్లి సున్నము రాలినను పేరు చెక్కుచెదరక నిలుచును, నాపరాయి యంత గట్టిది.

పుణ్యము మాటయు నిట్టిదే. విద్యాదానము అన్నిటికంటె మేలని మన పెద్దలు చెప్పిరి, చెప్పుచునే యున్నారు. కాని పుణ్యమునకై యిచ్చువానికి ఇచ్చుటతో పని ముగిసినది. వానికి బాలుడు పాసయినను, కాకపోయినను లెక్కయొక్కటే.

ఇక నేటి యర్థశాస్త్రజ్ఞులేమందురు? జేమ్సు ఆండ్రియోని యను నమెరికా పండితుడు 1990లో ఒక వాదము చేసెను. మనుజుడు దానము చేయుట పరులకు మేలగుననియే గాదు, తానిచ్చితినను లోపలి వెచ్చదనముకొఱకును అని. నిజమే, మేము కాదనము. కాని ఆ వెచ్చదనము గడ్డిమంటవంటిది. రాత్రి చలికి సాయపడును, తెల్లవారుసరికి బూడిద. రెండవయేటికి నిప్పు నిలుపవలెనన్నచో ఎవరో యొకరు పుల్లలు వేయుచుండవలయును. ఆ పుల్లలు వేయుట చందా పుచ్చుకొనినవాని పని. అదియే మనము చేయము.

చేసినవారు లేకపోలేదు. వారు పరాయివారైనను నేర్చుకొనుటకు సిగ్గేల? కడపలోను జమ్మలమడుగులోను పనిచేసిన లండను మిషనరీ సంఘము 1795లో పుట్టినది. దాని మతముతో మనకు పనిలేదు. దాని లెక్కతో పనియున్నది. ఆ సంఘమునకు ఇంగ్లండులోని సామాన్యకుటుంబములనుండి, పిల్లలనుండి కూడ, పెన్నీలు పోగయ్యెడివి. ఆ పిల్లలు కూర్చిన ధనముతో 1844లో "జాన్ విలియమ్స్" అను నోడను దక్షిణసముద్రములకు పంపిరి. 1864లో అది పగడపుదిబ్బపై పగిలెను. మన చందాసంఘమైనచో ఏమి చేసియుండును? నష్టవార్తను దాచియుండును. వారు దాచలేదు, పిల్లలు మఱల పెన్నీలు కూర్చిరి, అదే పేరితో రెండవ యోడ బయలుదేఱెను. అదియు 1867లో పగిలెను. మూడవ యోడయు వచ్చెను. ఎక్కడనో తాము కనివిని యెఱుగని సముద్రముమీద నున్న యోడకు, పగిలిన యోడకు, వారేల యిచ్చిరి? అది తమ యోడ గనుక. ఏ తీరమునకు పోయినదో, ఏ రాతికి తగిలినదో వారికి తెలియుచుండెను గనుక. నేడు మన పులివెందుల బడికిచ్చిన దాత యింటినుండి బడి నాలుగు ఫర్లాంగులే. అయినను అందేమి జరుగుచున్నదో అతనికి దక్షిణసముద్రముకంటె దూరము.

దానము ఒక్క సంచినుండి వచ్చుటకును, పెక్కు చేతులనుండి వచ్చుటకును గల భేదము కడపలోనే కనబడును. చార్లెసు ఫిలిప్ బ్రౌను 1820లో కడపకు వచ్చి, మరుసటి సంవత్సరమే అక్కడ ఉచిత పాఠశాలలు పెట్టించెను. 1826లో బంగళా కొని, పండితులకు తన జీతమునుండియే జీతములిచ్చి, తెలుగు గ్రంథములను వ్రాయించి దిద్దించెను, అప్పులపాలును అయ్యెను. ఆయన ఋణము తెలుగువారు తీర్చలేనిది. కాని ఆ సంచి యొక్క మనుజునిది. ఆయన వెడలిపోగా బంగళా మొండిగోడలయ్యెను, కడపవారు దానిప్రక్కనే నడచిపోవుచుండిరి. నూఱేండ్లకు పైగా గడచినపిమ్మట జానమద్ది హనుమచ్ఛాస్త్రి అను నుపాధ్యాయుడు ఆ స్థలముననే బ్రౌను పేరిట గ్రంథాలయము కట్టవలెనని పూనుకొనెను. 1987లో పునాది పడినది. 1995లో గ్రంథాలయము తెఱవబడినది. నడుమ నెనిమిదేండ్లు! మొదటి యావేశము ఎనిమిది నెలలైనను నిలువదని చందాలు పోగుచేసిన ప్రతివాడును ఎఱుగును. శాస్త్రిగారు ధనవంతులు కారు, అధికారులు కారు. బ్రౌనునుగూర్చి వ్రాయుచు, చెప్పుచు, ఆ పనినే తన బ్రతుకుగా చేసికొని, ఇచ్చినవారి కన్నులయెదుటనే యుండిరి. ఆయనను చూచినవారికి గ్రంథాలయము కనబడుచుండెను. అదియే పుల్లలు వేయుట. 2014లో ఆయన గతించిరి.

ఆ గ్రంథాలయము 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చేరినది. మన పులివెందులలోను రాజారెడ్డి కుటుంబమువారు నెలకొల్పిన డిగ్రీ కళాశాలయు, పాలిటెక్నిక్కును తరువాత లయోలా సంస్థలవారి కప్పగింపబడినవి. ఇవి మంచివే. పుట్టించినవారి చేతులలోనే సంస్థ యెల్లకాలముండలేదు. నిత్యము కనిపెట్టుకొని నడుపువారు వలయును. కాని యట్లు చేతులు మారిన దినమున మన గృహస్థులు చేయు పనియొకటి మాకు కష్టము కలిగించుచున్నది. "ఇక వారు చూచుకొందురు" అని చేతులు దులుపుకొందురు. ఇచ్చినది తమదను నెఱుక ఆ కాగితముతోపాటు తామును వ్రాసి యిచ్చివేయుదురు.

దీని పెద్దన్నయే "ప్రభుత్వము చూచుకొనును" అను మాట. చదువుకొనినవారే ఈ మాట యెక్కువగ ననుచున్నారు. ప్రభుత్వము చూడవలసినదే, చూడనిచో నిలదీయవలసినదే. 2006లో పులివెందులలో ప్రభుత్వపు ఇంజనీరింగు కళాశాల వచ్చినది. ఏ యూరి చందాలతోను అట్టిది రాదని మేమెఱుగుదుము. కాని చట్టమెంతవఱకు చేయి చాచునో చూడుడు. 2009 నాటి విద్యాహక్కు చట్టము, 2010 ఏప్రిలు 1 నుండి నడచుచున్నది, ఆఱవ యేటినుండి పదునాలుగవ యేటి వఱకు బాలబాలికలకు ఉచితవిద్యను హక్కుగా చేసినది. పదునైదవ యేట ఏమగును? మన పల్లెలలో నొక యాడుపిల్లకు సరిగ ఆ యేటనే పెండ్లిమాటలు మొదలగును. ఆమె ప్రొద్దుటూరుకో కడపకో పోయి చదువవలెనన్నచో బస్సుకూలి కావలయును, వసతిగృహములో పెట్టెయు పఱుపును కావలయును, కాలికి చెప్పులు కావలయును. ప్రభుత్వము వేతనమిచ్చినను అది వచ్చులోపల మూడు నెలలు గడుపవలయును. తండ్రి "ఇంటికి రా" అనుటకు ఆ మూడు నెలలు చాలును. అక్కడ గావలసినది లక్షలు గాదు. మన యింటి నెలసరి కాఫీపొడి వెల. ఆ వెలనైనను ఈ సంవత్సరమిచ్చి, వచ్చు సంవత్సర మియ్యకపోయినచో, ఆ పిల్లను నడియేటిలో దింపినట్లే. అందుచేత రెండవయేటి చందా మొదటిదానికంటె పెద్ద బాధ్యత. మొదటిది ఇయ్యనివాడు ఎవరికిని ఆశ పెట్టలేదు.

మఱల అడుగుటకు సిగ్గుగా నున్నదని చెప్పు మిత్రులు మాకు గలరు. కోపల్లె హనుమంతరావుగారు న్యాయవాదవృత్తిని వదలి, 1910లో బందరున ఆంధ్రజాతీయ కళాశాలను స్థాపించి, దాని పోషణకై యూరూర ధనము యాచించుచునే 1922లో కన్నుమూసిరి. ఆయనకు లేని సిగ్గు మన కెక్కడినుండి వచ్చెను? మేము చెప్పుదుము: మనకు అడుగుటకు సిగ్గు లేదు, జవాబు చెప్పవలసివచ్చునని భయమున్నది. గత సంవత్సరపు జమాఖర్చు చేతనున్నవానికి గడప తొక్కుట కష్టము గాదు. కష్టము ఉత్తచేతులవానికే.

జవాబు పేరిట మఱొక యనర్థము బయలుదేఱినది. దానినిగూడ మందలింపక విడువలేము. పిల్లవానికి నోటుపుస్తకమిచ్చుచు ఛాయాచిత్రము తీయించుకొనుట! ఆ పటములో పెద్దవారాఱుగురు ఒక్క పుస్తకమును పట్టుకొనియుందురు. పిల్లవాడు వారి మోచేతుల వెనుక నుండును. ఇది వారాల పిల్లవానిని గడపలో నిలువబెట్టి సూటిపోటి మాటలాడుటకంటె ఏమి మేలు? ఆనాడు ఒక్క యింటివారు చూచిరి. నేడు ఊరంతయు చూచుచున్నది. దాత గడపకు పోవలసినది బిడ్డ గాదు. లెక్క పోవలయును, ఆ బిడ్డకు సమ్మతమైనచో ఆమె స్వహస్తముతో వ్రాసిన నాలుగు పంక్తుల జాబు పోవలయును, సమ్మతము కానిచో పేరు లేకయే "మీ రూపాయలు ఇంటరు మొదటి సంవత్సరపు బాలిక యొకతెకు బస్సుకూలియైనవి" అను వార్త పోవలయును. అందులో నామె తప్పినసంగతి కూడ నుండవలయును.

ఈ కడపటి మాట కొందఱికి రుచింపదు. తప్పిన పిల్లవాని వార్త చెప్పినచో దాత వెనుదీయునని వారి భయము. మాకును నట్లే యుండెను. అవ్వ యడిగిన తరువాత మేము బడికి పోయి, పాత రిజిస్టరు వెదకి, రసీదుల తేదీలను సరిచూచి, ఆమె యిచ్చిన వారమున రుసుము కట్టబడిన బాలుని కనుగొంటిమి. వాడు లెక్కలలో తప్పెను. ఒక మెకానిక్కు అంగడిలో పనికి కుదిరెను. "చెప్పండి సార్, తప్పేముంది" అని వాడే యనెను. మేము రెండు వారములు చెప్పక తాత్సారము చేసితిమి. తుదకు పోయి, సంకోచించుచు చెప్పితిమి. అవ్వ చేట క్రింద పెట్టి, "ఫెయిలయినాడా? అయితే మళ్లా కట్టాల గదా ఫీజు" అని, కొంగుముడి విప్పెను.

అప్పటినుండి మేము ఆ 31 ఇండ్ల పట్టిక ముందు పెట్టుకొని కూర్చున్నాము. ఇప్పటికి తొమ్మిదింటికి జవాబు దొరికినది. తక్కినవాని రసీదులలో రెండింటిపై తేదీ లేదు. నాలుగింటి సొమ్ము ఏ బిడ్డకు పోయినదో తెలియరాలేదు. తెలియలేదని ఆ నాలుగిండ్లకును పోయి చెప్పవలసియున్నది. ఈ యాదివారము మొదటి యింటికి పోవుచున్నాము.